చామంతికి కొత్త రంగు ఎట్లా వస్తుంది?



పోయిన నెల తేనెటీగల సంగతి చెప్పుకున్నాం. ఈ నెల ఏం చెబుదామా అని ఆలోచిస్తూ ఉండగా, జగిత్యాల వైపు నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం వచ్చింది. ఆరో తరగతి చదువుతున్నదట. ఉత్తరం పొట్టిదే గాని, ప్రశ్న మాత్రం పొట్టిది కాదు. "సారూ, బతుకమ్మ పేర్చేటప్పుడు మేము గునుగు పూలను నీలం రంగులో ముంచుతాం. చామంతుల్లో పసుపు ఉన్నది, తెలుపు ఉన్నది, ఊదా ఉన్నది. నీలం ఎక్కడా లేదు. మొక్కకే నీలం పువ్వు పూసేటట్టు చెయ్యవచ్చునా? చెయ్యవచ్చునంటే ఎట్లా?" అని అడిగింది.

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు ఉన్నది. కాని చివర చెబుతాను. ముందే చెబితే మిగిలినది చదవకుండా పేజీ తిప్పేస్తావు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలియదా!

మొట్టమొదట ఒక సంగతి. రంగులో ముంచడం వేరు, రంగుతో పుట్టడం వేరు. ఒక తెల్ల చామంతిని కాడతో సహా కోసి, నీలం సిరా కలిపిన నీళ్ళలో నిలబెట్టండి. కాడ నీళ్ళను పీలుస్తుంది. నీళ్ళతో పాటు రంగు కూడా పైకి ఎక్కుతుంది. ఒకటి రెండు రోజుల్లో రెక్కల అంచులకు నీలం తేలుతుంది. చూడటానికి వేడుకగా ఉంటుంది. కాని ఆ మొక్క రేపు మరొక పువ్వు పూస్తే అది మళ్ళీ తెలుపే. మొక్కకు రంగు నేర్పలేదు మనం. పువ్వుకు చొక్కా తొడిగాం, అంతే.

రంగుతో పుట్టడం ఎట్లాగో తెలియాలంటే చామంతి పువ్వును బాగా చూడాలి. ఇది చామంతుల కాలమే గదా, పెరట్లోంచి ఒకటి తెచ్చుకోండి. ముద్ద చామంతి కాదు, నడుమ పసుపు బొడ్డు కనబడే రకమైతే మేలు. తెచ్చుకున్నారా? మనం దీనిని ఒక పువ్వు అంటాం. నిజానికి ఇది ఒక పువ్వు కాదు, పూల గుంపు. ఒక రెక్కను మొదలుతో సహా మెల్లగా లాగి చూడండి. మొదట్లో చిన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలోంచి పాము నాలుకలాగా రెండుగా చీలిన సన్నని పోగు బయటికి వచ్చి ఉంటుంది. పుప్పొడిని అందుకునే కీలాగ్రం అదే. అంటే ప్రతి రెక్కా ఒక ఆడ పువ్వు అన్నమాట. నడుమ బొడ్డులో ఉన్నవి కూడా పువ్వులే. వాటిలో కీలాగ్రమూ ఉంటుంది, పుప్పొడీ ఉంటుంది. ముద్ద చామంతిలో ఈ బొడ్డు పువ్వులు బాగా తగ్గిపోయి, ఉన్న కాసినీ రెక్కల కింద దాక్కుంటాయి. బంతి, పొద్దుతిరుగుడు కూడా ఈ కుటుంబంవే. వాటిని కూడా విప్పి చూడండి.

ఇక రంగుల సంగతి. చామంతి రెక్కలలో ముఖ్యంగా రెండు రకాల రంగు పదార్థాలు ఉంటాయి. పసుపు రంగునిచ్చేవి ఒక రకం. క్యారెట్ గడ్డకు రంగునిచ్చే పదార్థాలకు ఇవి దగ్గరి చుట్టాలు. గులాబి, ఊదా, ఎరుపు రంగులనిచ్చేవి రెండో రకం. పసుపూ ఎరుపూ రెండూ ఒకే రెక్కలో ఉంటే ఇటుక రంగు, రాగి రంగు వస్తాయి. ఏదీ లేకపోతే తెలుపు.

ఏదీ లేకపోతే తెలుపు అన్నాను గదా, ఇక్కడొక చిత్రమున్నది. తెల్ల చామంతికి పసుపు రంగు తయారు చెయ్యడం రాదని మనం అనుకుంటాం. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. 2006లో జపాను శాస్త్రవేత్తలు అసలు సంగతి బయటపెట్టినారు. తెల్ల చామంతి కూడా రెక్కలలో పసుపు రంగును తయారు చేస్తుంది! కాని ఆ రెక్కలలోనే మరొక పదార్థం ఉన్నది. అది పసుపును ఎప్పటికప్పుడు ముక్కలు చేసి రంగు లేకుండా చేస్తుంది. నల్లబల్ల మీద ఒకడు రాస్తూ ఉంటే వెనకాలే మరొకడు తుడుస్తూ పోయినట్టన్నమాట. బయటినుంచి చూసేవాళ్ళకు ఖాళీ బల్ల కనబడుతుంది. ఆ తుడిచేవాణ్ణి పని చెయ్యకుండా ఆపితే ఏమవుతుందని వాళ్ళు ప్రయోగం చేసి చూశారు. తెల్ల చామంతి పసుపుపచ్చగా పూసింది.

ఈ సంగతి చదివిననాడు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె బడిలో నేను పని చేస్తూ ఉండేవాణ్ణి. బడి ముందు చెల్క నేల. చామంతికి నీళ్ళు నిలిచే నేల పనికిరాదు, చెల్క బాగా పనికివస్తుంది. పిల్లలూ నేనూ కలిసి రెండు మళ్ళ నిండా తెల్ల చామంతి వేశాం. డిసెంబరు వచ్చేసరికి బడి ముందు పాలు ఒలకబోసినట్టు పూసింది. ఒకనాడు పొద్దున్నే ఏడో తరగతి పిల్లవాడొకడు పరుగెత్తుకుంటూ వచ్చి, "సారూ, గీ కొమ్మ జూడుండ్రి! తెల్ల చెట్టుకు పసుపు పువ్వులు పూసినయి!" అన్నాడు.

వెళ్ళి చూశాను. నిజమే. మొక్క అంతా తెలుపు. ఒక్క పక్క కొమ్మకు మాత్రం నాలుగు పువ్వులు, నిమ్మపండు రంగు. "పక్క మడిలోంచి పసుపు మొక్క ఏదో కలిసి ఉంటుందిలే" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. వంగి మొదలు చూపించాడు. కొమ్మ ఆ తెల్ల మొక్కలోంచే పుట్టింది. "సరే, రేపు చూద్దాం" అని గంట కొట్టించాను.

ఆ రేపు రాలేదు. మరునాడు బడికి ఒక పెద్దమనిషి వస్తున్నాడని కబురు వచ్చింది. దండ కావాలి. నేనే చెప్పాను, మళ్ళలో ఉన్న పువ్వులన్నీ కోయమని. కోసేవాళ్ళు కొమ్మలకు కొమ్మలే విరిచినారు. పిల్లవాడు భోజనం గంటలో వచ్చి మడి చూశాడు. నన్నేమీ అనలేదు. ఆ సంవత్సరమంతా మళ్ళీ తోట పనికి మాత్రం రాలేదు.

నేను ఏమనుకున్నానంటే, మొక్క ఉన్నది గదా, పిలకలు తీసి నాటితే వచ్చే ఏడు మళ్ళీ ఆ పసుపు పువ్వు పూస్తుంది అనుకున్నాను. ఆ మొక్కకు గుర్తుగా పుల్ల పాతి, దాని పిలకలన్నీ వేరుగా నాటించాను. మరుసటి డిసెంబరులో అన్నీ తెల్లగా పూసినాయి. ఒక్కటంటే ఒక్క పసుపు పువ్వు లేదు.

ఎందుకు లేదో ఇప్పుడు మీరే చెప్పగలరు. మార్పు మొక్క అంతటికీ రాలేదు. ఒక్క కొమ్మ మొగ్గలో, అది చీమ తలకన్నా చిన్నగా ఉన్నప్పుడు, తుడిచేవాడు పని మానుకున్నాడు. ఆ మొగ్గలోంచి పెరిగిన కొమ్మకంతా పసుపు వచ్చింది. పిలకలు మొక్క మొదట్లోంచి, నేల కిందినుంచి వస్తాయి. అక్కడ తుడిచేవాడు తన పని తాను చేసుకుంటూనే ఉన్నాడు. కొమ్మ పోయింది గనుక రంగూ పోయింది. ఇట్లా హఠాత్తుగా వచ్చి, వచ్చిన చోటినుంచి ముందుకు సాగే మార్పును శాస్త్రజ్ఞులు ఉత్పరివర్తనం అంటారు. చామంతిలో ఇట్లాంటి కొమ్మలు అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటాయి. లోకంలో ఉన్న చామంతి రకాలలో ఎన్నో ఇట్లా ఒక కొమ్మ మీద దొరికినవే.

ఆ పిల్లవాడు ఇప్పుడు నడి వయసువాడు. మొన్నామధ్య ఒక పెళ్ళిలో కనబడ్డాడు. ఇన్నాళ్ళ బరువు దించుకుందామని, "నాయనా, ఆ పసుపు కొమ్మ నా మూలాన పోయింది" అని మొదలుపెట్టాను. వాడికి ఆ కొమ్మే గుర్తు లేదు! "ఏ కొమ్మ సారూ? ఆనాడు మీరు దండ పట్టుకొని ఎండల నిలబడ్డరు గదా, ఆ పెద్దమనిషి సాయంత్రం దాకా రానే రాలేదు, అదొక్కటి గుర్తున్నది" అని పక పకా నవ్వాడు.

సరే, అట్లాంటి కొమ్మ మీ పెరట్లో కనబడితే ఏం చెయ్యాలి? మొట్టమొదట దానికి ఒక రంగు దారం కట్టండి. ఇంట్లో అందరికీ చూపించి, ఇది కోయవద్దని చెప్పండి. ముఖ్యంగా దేవుడికి పూలు కోసే నాయనమ్మకు! పువ్వులు వాడిపోయే వరకు చూసి, పువ్వులను మాత్రం తుంచి కొమ్మను ఉంచండి. కొద్ది రోజులకు ఆకుల పంచలలో చిన్న చిగుళ్ళు లేస్తాయి. చిగురు మూడు అంగుళాలు పెరిగాక పదునైన బ్లేడుతో, పెద్దవాళ్ళ చేత, కోయించండి. కింది ఆకులు తీసివేసి, శుభ్రంగా కడిగిన ఇసుకలో నాటండి. మా కరీంనగర్ వాళ్ళకు మానేరు ఇసుక ఉండనే ఉన్నది. నీడన ఉంచి, ఇసుక తడి ఆరకుండా చూస్తే రెండు మూడు వారాలలో వేళ్ళు వస్తాయి. అట్లా వేళ్ళు వచ్చిన మొక్క ఆ కొమ్మకు అచ్చమైన నకలు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. చామంతి రాత్రుల లెక్క తెలిసిన మొక్క. పగళ్ళు తగ్గి రాత్రులు పొడుగైతే, ఇక పూయవలసిన కాలం వచ్చిందని తెలుసుకుంటుంది. చలికాలంలో లేచిన చిగురు రెండు ఆకులు వెయ్యగానే మొగ్గ తొడుగుతుంది. అట్లాంటిది సరిగా వేళ్ళు వెయ్యదు. అందుకని తోటలవాళ్ళు రాత్రి నడుమ కాసేపు మొక్కల మీద దీపం వెలిగిస్తారు. పొడుగు రాత్రి రెండు చిన్న రాత్రులుగా తెగిపోతుంది, మొక్క ఇంకా పూల కాలం రాలేదనుకొని ఆకులు వేస్తూ పోతుంది. మీ వీధి దీపం కింద చామంతి మొక్క ఏదైనా ఉంటే గమనించండి. మిగిలినవాటికన్నా ఆలస్యంగా పూస్తుంది. కారణం ఇదే.

ఒక్క మొక్కను కాపాడటం చిన్న పని అనుకోకండి. చామంతిని మొట్టమొదట తోటలో పెంచినవాళ్ళు చీనా దేశంవాళ్ళు. పదహారు వందల ఏళ్ళ కిందట తావ్ యువాన్‌మింగ్ అనే కవి చామంతులంటే ప్రాణం పెట్టేవాడని వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1789లో ఫ్రాన్సు దేశంలోని మార్సేల్ రేవుకు చెందిన పియర్ బ్లాంకార్ అనే వర్తకుడు చీనానుంచి మూడు రకాల చామంతులను ఓడలో తెచ్చినాడు. రెండు చచ్చిపోయినాయి. ఊదా రంగుది ఒక్కటి బతికింది. ఆ ఒక్క మొక్క కొమ్మలే ఫ్రాన్సులో, ఇంగ్లండులో తోటలకు వెళ్ళినాయి.

కొమ్మ దొరికే వరకు చూస్తూ కూర్చోవడం కొందరికి నచ్చదు. అట్లాంటివాళ్ళకు రెండో దారి ఉన్నది, విత్తనం. మనం చామంతిని పిలకలతోనో కొమ్మలతోనో పెంచుతాం గనుక, దానికి విత్తనం ఉంటుందని చాలామందికి తెలియదు. విత్తనంతో పెంచితే ఏ పిల్లా తల్లిలాగా ఉండదు. ఎందుకంటే మనకు జన్యువులు రెండు వరసలలో ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈనాటి తోట చామంతికి ఆరు వరసలు! ఒక్కొక్క వరసలో 9 చొప్పున మామూలుగా 54 క్రోమోజోములు. ఆరు సంచుల గవ్వలు ఒక్కచోట కుమ్మరించి, కళ్ళు మూసుకొని సగం తియ్యండి. మళ్ళీ కలిపి మళ్ళీ తియ్యండి. రెండుసార్లూ ఒకే గవ్వలు వస్తాయా? రావు. అందుకే ఒకే పువ్వులో పుట్టిన ఇరవై విత్తనాలు ఇరవై రకాలుగా పూస్తాయి.

మరి ఊరి చివర చామంతి చేలలో విత్తనం ఎందుకు కనబడదు? చామంతి మామూలుగా తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. చేను నిండా ఒకే రకం పిలకలు నాటితే అవన్నీ కలిసి ఒక్క మొక్క కిందే లెక్క. వేల మొక్కలున్నా తోడు లేనట్టే. వేరే రకం పుప్పొడి కావాలి.

పద్ధతి చెబుతాను, ఓపిక ఉన్నవాళ్ళు చెయ్యండి. తల్లిగా ఒక మొక్కను, తండ్రిగా వేరే రంగు మొక్కను ఎంచుకోండి. తల్లి పువ్వు విచ్చగానే కత్తెరతో రెక్కలను పొట్టిగా కత్తిరించాలి. మొదట చెప్పిన పాము నాలుకలు అప్పుడు బయటికి కనబడతాయి. వెంటనే పల్చని కాగితపు సంచి తొడగండి, లేకపోతే తేనెటీగలు తమకు తోచిన పుప్పొడి తెచ్చి అంటిస్తాయి. రెండు నాలుకలూ విప్పుకున్నాక, తండ్రి పువ్వు బొడ్డులోని పుప్పొడిని నీటిరంగుల కుంచెతో తీసి వాటికి అద్దాలి. రెండు మూడు రోజులు పొద్దు పొడిచాక ఇదే పని. ఎవరిని ఎవరితో కలిపినారో ఒక చీటీ మీద రాసి కాడకు కట్టండి. దాదాపు రెండు నెలలకు పువ్వు ఎండి గోధుమ రంగు తిరుగుతుంది. నలిపితే సన్నని విత్తనాలు రాలుతాయి. అన్నీ గట్టివి కావు, తాలు కూడా ఉంటుంది.

నేను చేసినది కూడా చెప్పాలి గదా. ఉద్యోగం మానిన తరువాత ఇంట్లో ఊరికే కూర్చోలేక, పసుపు చామంతి తల్లికి ఊదా చామంతి పుప్పొడి అద్దినాను. యాభై పై చిలుకు విత్తనాలు దొరికినాయి. చిప్పలో చల్లితే ముప్ఫై ఒకటి మొలిచినాయి. ఆ తరువాత ఎండాకాలం వచ్చింది. రామగుండం, మంచిర్యాల వైపు ఎండలు ఎట్లా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. వేప చెట్టు నీడన పెట్టి, పైన గోనెపట్టా కట్టి, పూటపూటకూ నీళ్ళు చల్లినా చివరికి పదకొండు మిగిలినాయి. చలికాలంలో పూసినాయి. తొమ్మిదింటిని చూసి మా ఇంట్లో ఆమె, "వీటికన్నా ఎండిపోయిన పువ్వులే నయం" అన్నది. బురద పసుపు, వెలిసిన గులాబి, ఇట్లాంటి రంగులు. పదోది ఫరవాలేదు. పదకొండోది మాత్రం మా పాత బడి గంట రంగు, తోమిన రాగి రంగు. అట్లాంటిది నేను మా ఊరి అంగట్లో చూడలేదు. పువ్వు చిన్నదే, కాడ కూడా బలహీనం. దండకు పనికిరాదని పూల అంగడి అతను మొహం మీదే చెప్పాడు. అయినా దాని కొమ్మలు నాటి నాలుగో ఏడు పెంచుతున్నాను. నాలుగేళ్ళూ అదే రంగు.

నాలుగేళ్ళని ఊరికే చెప్పలేదు. కొత్త రకం దొరికిందని ఒక పువ్వును చూసి అనడానికి వీలులేదు. మన దేశంలో మొక్కల రకాలకూ రైతుల హక్కులకూ 2001లో ఒక చట్టం చేశారు. కొత్త రకాన్ని నమోదు చెయ్యాలంటే అది మూడు పరీక్షలకు నిలవాలి. ఉన్న రకాలకు భిన్నంగా ఉండాలి. మొక్కలన్నీ ఒకే తీరుగా ఉండాలి. ఏటేటా మారకుండా అట్లాగే రావాలి. ఆ చట్టం కింద మామూలు రైతు కూడా తన రకాన్ని నమోదు చేసుకోవచ్చు. ఈ మాట పెద్దవాళ్ళు కూడా గుర్తుంచుకోవాలని రాస్తున్నాను. వరిలో ఈ మాటలు మనవాళ్ళకు కొత్త కాదు. మన జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధనా స్థానంలో తయారైన 'జగిత్యాల సన్నాలు' మీలో చాలామంది ఇళ్ళలో అన్నమై విస్తట్లోకి వచ్చినవే గదా.

పూల మొక్కల విషయంలో మన దేశంలో పేరు పొందిన చోటు లక్నో. అక్కడి సికందర్ బాగ్‌లో జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థ ఉన్నది. 1953 నుంచి అది కేంద్ర శాస్త్ర పరిశోధనా మండలి కింద నడుస్తున్నది. దండలకు పనికివచ్చే 'బీర్బల్ సాహ్ని' అనే తెల్ల చామంతి వాళ్ళదే. రాళ్ళలో దాగిన పురాతన వృక్షాలను పరిశోధించిన మహా శాస్త్రవేత్త పేరది. వాళ్ళు చామంతిలో కొత్త రంగుల కోసం మూడో దారి తొక్కినారు. వెనక మా బడి మొక్కలో తుడిచేవాడు తనంతట తాను పని మానుకున్నాడని చెప్పాను గదా. అట్లాంటి మార్పు ఎప్పుడో గాని రాదు. దానిని తొందరపెట్టడానికి, వేళ్ళు వేసిన చామంతి కొమ్మల మీద కోబాల్టు-60 అనే పదార్థంనుంచి వచ్చే గామా కిరణాలను ప్రసరింపజేస్తారు. ఆ కిరణాలు కంటికి కనబడవు. మొగ్గ లోపలి కణాలలో జన్యువులను తాకి, ఎక్కడో ఒకచోట మార్పు తెస్తాయి. ఎక్కడ తెస్తాయో ముందుగా చెప్పలేం. కొన్ని కొమ్మలు చచ్చిపోతాయి. కొన్నింటికి ఆకులు వంకరలు పోతాయి. చాలావాటికి ఏమీ కాదు. వందల మొక్కలను వరసగా నాటి, పూసిన ప్రతి పువ్వునూ చూస్తూ పోతే, ఎక్కడో ఒకటి కొత్త రంగుతో కనబడుతుంది.

అదీ ఒక్కొక్కసారి పువ్వంతా మారదు. రెండు రెక్కలు మాత్రమే కొత్త రంగులో ఉంటాయి. కొమ్మ నాటితే కొత్త రంగు వస్తుందన్న నమ్మకం లేదు. అట్లాంటప్పుడు ఆ రెక్కలనే చిన్న ముక్కలు చేసి, సీసాలో ఆహారపు జిగురు మీద ఉంచి, ఆ ముక్కనుంచే మొక్కను లేపే పద్ధతిని లక్నోవాళ్ళు సాధించినారు. రెక్కలోంచి మొక్క! నా చిన్నతనంలో ఈ మాట ఎవరైనా అంటే మా పంతులుగారు బెంచీ ఎక్కించేవారు.

కోల్చిసిన్ అనే మందుతో కూడా అక్కడ ఒక కొత్త రంగు చామంతిని పుట్టించి దానికి 'కోల్చి బహార్' అని పేరు పెట్టినారు. ఈ కోల్చిసిన్ మన అడవుల్లో వానాకాలం మంటలాగా పూసే అగ్నిశిఖ దుంపలో కూడా ఉంటుంది. అది కఠినమైన విషం. ఆదిలాబాద్ అడవుల వైపు ఉండే పిల్లలూ, పువ్వును చూసి ఆనందించండి గాని, దుంప జోలికి మాత్రం పోవద్దు.

ఇప్పుడు మన జగిత్యాల అమ్మాయి దగ్గరికి వద్దాం. కొమ్మ మారినా, విత్తనం వేసినా, కిరణాలు పెట్టినా చామంతిలో నిజమైన నీలం రాలేదు. ఎందుకంటే నీలానికి కావలసిన ఒక జన్యువు చామంతి పెట్టెలోనే లేదు. పెట్టెలో లేని నగను పెట్టె ఎంత కుదిపినా ఎట్లా తీస్తాం? మరొకరి పెట్టెలోంచి అరువు తేవాలి.

జపానులోని జాతీయ వ్యవసాయ, ఆహార పరిశోధనా సంస్థలో నవొనొబు నోదా అనే ఆయన, ఆయన తోటివారు ఆ పని చేశారు. ఐరోపా తోటల్లో గంటలాగా పూసే కాంపాన్యులా అనే మొక్క ఉన్నది. దానినుంచి ఒక జన్యువును తెచ్చి చామంతిలో పెట్టినారు. పువ్వు ఊదా వైపు తిరిగింది గాని నీలం కాలేదు. అప్పుడు రెండో జన్యువును చేర్చినారు. అది ఏ మొక్కదో తెలుసా? మన కంచెల మీద పాకే శంఖుపువ్వుది! దింటెన పువ్వు అని కూడా అంటారు. నీలం దింటెన మీ ఊళ్ళో లేకుండా ఉండదు. ఆ జన్యువు రంగు పదార్థానికి చక్కెర ముక్కలను తగిలించింది. దానితో అది, చామంతి రెక్కలో మొదటినుంచే ఉన్న ఒక రంగులేని పదార్థంతో చెయ్యి కలిపింది. పువ్వు నీలమైంది. ఇంకా ఎన్నో జన్యువులు కావలసి వస్తాయేమోనని వాళ్ళు అనుకున్నారట. రెండింటితోనే పని జరగడం చూసి వాళ్ళే ఆశ్చర్యపోయినారు. 2017 జూలైలో ఈ సంగతి లోకానికి తెలియజేశారు.

అయితే ఆ మొక్కను ఊరికే తెచ్చి పెరట్లో నాటడానికి వీలులేదు. జపానులో అడవి చామంతులు పెరుగుతాయి. తేనెటీగ తోటకూ అడవికీ నడుమ గోడ ఉన్నదని ఎరగదు. అరువు తెచ్చిన జన్యువులు అడవి మొక్కలలోకి పాకితే మళ్ళీ వెనక్కు తీసుకోలేం. ఆ జాగ్రత్త సబబైనదేనని నా ఉద్దేశం.

కాబట్టి అమ్మాయీ, వచ్చే బతుకమ్మకు కూడా నీలం కావాలంటే గునుగును ముంచుకోవలసిందే, లేదా నడుమ నడుమ దింటెన పూలు పెట్టుకో. ఈలోగా నీకొక పని చెబుతాను. ఈ డిసెంబరు, జనవరి నెలలలో మీ ఊరి చామంతి మళ్ళను వారానికి ఒకసారి తిరిగి చూడు. మడి యజమానిని అడిగి మరీ వెళ్ళు. ఏ మొక్కకైనా ఒక కొమ్మ వేరే రంగులో కనబడితే దారం కట్టి, ఆ రంగూ, తేదీ, మొక్క అసలు రంగూ రాసి నాకు పంపు. మిగిలిన పిల్లలు కూడా పంపవచ్చు. వచ్చిన ఉత్తరాలను ఫిబ్రవరి పేజీలో చూద్దాం. రాగి రంగు చామంతి కొమ్మ కావాలన్నవాళ్ళు, ఇంట్లో కుండీ, ఇసుక, నీడ ఉన్నాయని పెద్దవాళ్ళ చేత రాయించి పంపండి. నా దగ్గర ప్రస్తుతం వేళ్ళు వేసినవి ఆరు మాత్రమే ఉన్నాయి.